అండమాన్ పోతే ఏం చూడాలె, ఏం చూడొద్దు



యాసంగి నాట్లు అయినంక, కలుపు పని షురూ కాకముందు, ఫిబ్రవరిల ఏడు రోజులు అండమాన్ పోయి వచ్చినం. అప్పటి సంది ఎవరు కలిసినా ఒకటే ముచ్చట. "ఎంతయింది? ఏమేం చూడొచ్చు? నీళ్లల్ల దునికినవా?" మా బొగ్గుబాయిల దిక్కు అండమాన్ అంటే ఎల్‌టీసీ పెట్టుకొని పోయే జాగ. మేము కూడా గట్లనే పోయినం. మా బావమరిది గనిల పని చేస్తడు. "బావా, అక్కను తీసుకొని రా, అందరం కలిసి పోదాం" అన్నడు. వాళ్లు ముగ్గురు, మేమిద్దరం. మా ఖర్చు మేమే పెట్టుకున్నం.

అడిగినోళ్లందరికీ ఒక్కసారే చెప్పినట్టు ఉంటదని రాస్తున్న. నేను గైడును కాదు, రెండున్నర ఎకరాల రైతును. నా కంటికి ఆనింది రాస్త. పెద్దగుంటది, తీరిగ్గ చదువుండ్రి.

ముందు తోవ సంగతి. రామగుండంల భాగ్యనగర్ ఎక్కి సికింద్రాబాద్ దిగినం. శంషాబాద్ నుంచి విమానంల సుమారు రెండున్నర గంటలు. దిగే ఊరు పోర్ట్ బ్లెయిర్. 2024 సెప్టెంబర్ల దాని పేరు శ్రీ విజయపురం అని మార్చిండ్రు గాని, ఆటోలోళ్లు, దుకాణపోళ్లు ఇంకా పాత పేరే పలుకుతున్నరు. ఓడ మీద పోవాలనుకుంటే చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం నుంచి ఉన్నయి. రెండున్నర, మూడు రోజులు సముద్రం మీదనే. తీరిక ఉన్నోళ్లకు అదే మంచిదని నా ఉద్దేశం, కాని బర్లున్న ఇంటోళ్లకు కుదరదు.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం. మన దగ్గర ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడితే అక్కడ మూడు వేల దాకా పడుతది. నైరుతి వాన వాళ్లదే, ఈశాన్యం వాన వాళ్లదే. ఇంకొక సంగతి, అక్కడ గడియారం మనదే గాని పొద్దు మనది కాదు. దేశానికి తూర్పు కొసకు ఉండబట్టి మేం పోయినప్పుడు ఆరు కాకముందే తెల్లారుతుండె, సాయంత్రం ఆరు కాకముందే చీకటి పడుతుండె. రైతు లెక్క లేవాలె. తొమ్మిదింటికి టిఫిన్ తిని బయలెల్లుదాం అనుకునేటోళ్లకు సగం రోజు అప్పటికే పోయినట్టు.

అండమాన్, నికోబార్ రెండూ కలిపి దీవులు, దిబ్బలు, రాళ్లు 836. మనుషులు ఉండేవి 31 మాత్రమే. భూమిల 80 శాతానికి పైన అడవి. అంత అడవిల పులి లేదు, చిరుత లేదు, నక్క కూడా లేదు. ఉన్న పిట్టలల్ల చానా వాటికి ప్రపంచంల ఇంకొక ఊరు లేదు. నార్కొండం అని ఒక దీవి, సుమారు ఏడు చదరపు కిలోమీటర్లు, అంటే మన రెండు మూడు ఊర్ల శివారంత. అక్కడుండే హార్న్‌బిల్ పిట్ట ఆ ఒక్క దీవిల తప్ప భూమ్మీద ఎక్కడా కనవడదు. ఆ శివారు పోతే ఆ పిట్ట పోతది.

మొదటి రోజు అందరూ పోయేది సెల్యులార్ జైలుకు. మీరు కూడా పోవాలె. 1896ల మొదలుపెట్టి 1906ల పూర్తి చేసిండ్రు. ఏడు బారులు కట్టిండ్రు, ఇప్పుడు మూడే మిగిలినయి. అక్కడ గానుగ చూసి నేను చానాసేపు నిలబడ్డ. మా తాత కాలంల గానుగకు ఎద్దును కట్టేది. అక్కడ మనిషిని కట్టిండ్రు. రోజుకు 30 పౌండ్ల కొబ్బరినూనె తీయాలె, అంటే పదమూడు కిలోలకు పైన. ఎద్దుకైనా మధ్యాహ్నం ఇప్పి నీళ్లు పెడతం. మనోళ్లు కూడా అక్కడికి పోయినోళ్లే. ఈ జైలు కట్టకముందే, 1879ల రంప తిరుగుబాటు చేసినోళ్లను ఆ దీవులకు పంపిండ్రు. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి వచ్చి, 1952ల విశాఖపట్నం నుంచి పార్లమెంటుకు గెలిచిండు. సాయంత్రం వెలుతురు, మాటలతోని జైలు కథ చెప్తరు. అది సరేగాని, పగటిపూట ఖాళీ గదిల ఒక్కలే ఐదు నిమిషాలు నిలబడి చూడుండ్రి.

జైలు ఎదురుంగ సముద్రంల చిన్న దీవి ఉంటది. రాస్ అంటుండె, 2018 నుంచి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం. అక్కడ జింకలు చేతిల బిస్కెట్లు తింటయి. మా చెల్లె, అంటే బావమరిది భార్య, మస్తు సంబురపడ్డది. నాకైతే ఆ జింకలను చూస్తే మా చేన్ల అడవి పందులు యాదికొచ్చినయి. ఎందుకంటే ఆ జింకలు అక్కడియి కావు. ఇంగ్లీషోళ్లు వేటకని మన దిక్కు నుంచి తెచ్చి వదిలిండ్రు. తినే జంతువు లేకపాయె, అవి ఈదుకుంట దీవి నుంచి దీవికి పోయి మొలిచిన మొక్కను మొలిచినట్టే తింటున్నయి. పెద్ద చెట్టు పడిపోతే దాని జాగల పిల్ల చెట్టు లేస్తలేదు. ఇంటర్వ్యూ అనే దీవిల ఏనుగులు కూడా గట్లనే. కలప మోయనీకి తెచ్చిన కంపెనీ మూతపడితే, ఏనుగులను అడవిల వదిలేసి పోయిండ్రు. మన దిక్కు పాత గనుల జాగల తిరిగినోళ్లకు ఈ వదిలేసి పోవుడు అంటే ఏందో చెప్పనక్కరలేదు. జింకకు బిస్కెట్ పెట్టకుండ్రి, అంతే.

కలప అంటే యాదికొచ్చింది. చాథమ్ అనే జాగల 1883 నాటి రంపపు మిల్లు ఉన్నది, ఇంకా నడుస్తది. చెట్లంటే ఇష్టమున్నోళ్లు ఒక గంట పోయి రావచ్చు. అక్కడి పడౌక్ చెట్టు మన యేగిచెట్టుకు, ఎర్రచందనానికి దగ్గరి చుట్టమే. కోసిన చెక్క ఎర్రగ, వాసన కూడా మంచిగుంటది.

రెండో రోజు పడవల స్వరాజ్ ద్వీపం, అంటే పాత హేవ్‌లాక్. రాధానగర్ తీరం గురించి అందరూ ఫొటోలు పెడతరు, ఫొటోల ఉన్నట్టే ఉంటది, నేను కొత్తగ చెప్పేది లేదు. కాని మొసలి బోర్డులు చదువుండ్రి. మనకు మంథని దగ్గర శివ్వారంల గోదావరి మొసళ్లు ఉన్నయి గదా, ఎండకు ఒడ్డు మీద పడుకుంటయి, మనిషి అలికిడైతే నీళ్లల్లకు జారుతయి. అండమాన్ మొసలి గది కాదు. అది ఉప్పునీటి మొసలి, మన దానికంటే చానా పెద్దగైతది, సముద్రంల ఈదుకుంట పోతది, మనిషి మీదికి వస్తది. స్వరాజ్ ద్వీపంల 2010ల ఒక విదేశీ ఆమె ప్రాణం తీసింది. మడ అడవుల మలుపులల్ల, పొద్దుగూకినంక నీళ్లల్ల దిగకుండ్రి. కావలి మనిషి విజిల్ ఊదితే బయటికి రాండ్రి. మా అల్లుడు, బావమరిది కొడుకు, స్కూబా చేసిండు. నేను పడవ అడుగున అద్దం పెట్టిన దాంట్ల కూసున్న. నాకు సరిపోయింది.

మూడో రోజు పోయిన నీల్ దీవి గురించి మాత్రం ఎక్కువ చెప్త. ఇప్పటి పేరు షహీద్ ద్వీపం. ప్యాకేజీల వాళ్లు దాన్ని పొద్దున దించి సాయంత్రం ఎక్కిస్తరు. మీరు ఒక రాత్రి ఉండుండ్రి. రెండు కారణాలు.

ఒకటి, అక్కడ సముద్రం వెనుకకు తీసే గడియ. ఆ రోజు నీళ్లు ఎప్పుడు తీస్తయో ముందుగాల అడిగి తెలుసుకోండ్రి. నీళ్లు తీసినప్పుడు రాళ్ల నడుమ గుంటలల్ల నీళ్లు నిలుస్తయి. ఆ గుంట ముంగట కూసుంటే చాలు. పగడపు జీవాలు, సముద్రపు దోసకాయ, నక్షత్రపు చేప, నీలం పెదవుల ఆలిచిప్ప, అన్నీ మోకాలి లోతు నీళ్లల్ల. మన వరి మడిల కప్పలు, నత్తలు, నీటి పురుగులు చూసుకుంట పెరిగినోళ్లకు అది కొత్తదేం గాదు, మడి మారింది అంతే. అయితే కాలు ఎక్కడ పడితే అక్కడ పెట్టొద్దు. పగడం రాయి కాదు, ప్రాణం. వేలెడంత పెరగనీకి ఏండ్లు పడుతది. 2010ల సముద్రం వేడెక్కి అక్కడి పగడాలు చానా మటుకు తెల్లగై సచ్చినయి. మిగిలినవాటి మీద మన చెప్పు కూడా పడొద్దు. గవ్వలు, పగడపు ముక్కలు సంచిల వేసుకోవద్దు, వన్యప్రాణి చట్టం ఉన్నది, విమానాశ్రయంల సంచి తెరిచి తీసుకుంటరు.

రెండోది, నీల్ అంటే కూరగాయల దీవి. పోర్ట్ బ్లెయిర్‌కు కూరగాయలు అక్కడి నుంచి పోతయి. పొద్దున్నే మా ఇంటామె, నేను రోడ్డు పట్టుకొని నడిచినం. వంకాయ, బెండ, పొట్ల, పందిరి మీద కాకర, గట్ల మీద అరటి, పోక. ఒక పెద్దమనిషి మందు కొడుతుండె, మేం ఆగినం. హిందీల మాట కలిసింది. వాళ్ల నాయన తూర్పు బెంగాల్ నుంచి వచ్చిండట. దేశం ముక్కలైనంక 1949 నుంచి అట్ల వచ్చిన కుటుంబాలను సర్కారు అండమాన్‌కు తెచ్చి, ఒక్కో ఇంటికి ఐదెకరాలు వరికి చదును భూమి, ఐదెకరాలు గుట్ట భూమి ఇచ్చింది. ఇచ్చింది అంటే అడవిని ఇచ్చింది. కొట్టుకొని, మొద్దులు పీక్కొని, పొలం చేసుకోవాలె. "మొదటి ఏండ్లు అమ్మ ఏడ్వని రోజు లేదు" అన్నడు ఆయన.

మా ఇంటామె నిలబడి అన్నీ అడిగింది. ఎన్నేండ్లకు పంట చేతికొచ్చింది, నీళ్లెట్ల, పిల్లలెక్కడ చదివిండ్రు. ఆమె ఎందుకు అడుగుతున్నదో నాకు తెలుసు. మాది ఐదెకరాలు ఉండె. రెండున్నర ఓపెన్‌కాస్ట్ కింద పోయింది. మిగిలిన రెండున్నర కూడా రేపటి హద్దుల ఉన్నదని ఊర్ల అనుకుంటున్నరు, కాయితం అయితే ఇంకా రాలేదు. చివరికి ఆమె అడిగింది, "ఇప్పుడు మీ ఊరు ఏది అంటే ఏ ఊరు చెప్తరు?" ఆయన నవ్వి, "నాదా, ఇదే. మా నాయనది మాత్రం పోయేదాక అదే" అన్నడు. రెండు సొరకాయలు కోసి ఇచ్చిండు. హోటల్ల వాటిని ఏం చేసుకోవాల్నో తెల్వక వంటాయనకు ఇచ్చినం.

ఇగ చూడొద్దన్న దాని దగ్గరికి వస్త.

బారాటాంగ్ అని ఒక దీవి. అక్కడ సున్నపురాయి గుహలు, బురద ఉబికే జాగలు, మడ అడవుల నడుమ పడవ, మంచి చోటే. కాని పోర్ట్ బ్లెయిర్ నుంచి రోడ్డు జారవల అడవిల నుంచి పోతది. జిర్కాటాంగ్ దగ్గర బండ్లన్నిటిని ఆపి, వరుస కట్టించి, పోలీసుల నడుమ ఒక్కసారే వదులుతరు. నడుమ ఆగొద్దు, అద్దం దించొద్దు, ఫొటో తీయొద్దు, తినేది ఇయ్యొద్దు. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ చట్టం ఉన్నది, తప్పితే జైలు. జారవలు 2011 జనాభా లెక్కల ప్రకారం 380 మంది. 1990ల చివరిదాకా బయటోళ్లతోని పొత్తు పెట్టుకోలేదు. మన తట్టు, మన దగ్గు, వాళ్లకు ప్రాణం మీదికి వస్తది. 2002ల సుప్రీంకోర్టు ఆ అడవిల రోడ్డు బంద్ చేయమన్నది. రోడ్డు నడుస్తనే ఉన్నది. 2012ల జారవ ఆడపిల్లలతోని తిండి ఆశ చూపి ఆట ఆడించిన వీడియో బయటికొచ్చి దేశమంతా గొడవైంది.

మాకు బండి మాట్లాడినాయన మెల్లగ చెప్పిండు, "అదృష్టం ఉంటే కనవడుతరు సార్" అని. నాకు ఆ మాట మింగుడు పడలే. మన ఆసిఫాబాద్ దిక్కు కొలాం గూడెం పక్కపొంటి బస్సుల పోతూ, అదృష్టం ఉంటే కనవడుతరు అంటే ఎట్లుంటది? నేను రాను అన్న. మా అల్లుడు అన్నడు, "మామా, రోజూ వందల బండ్లు పోతున్నయి. నువ్వు ఒక్కనివి ఆగితే రోడ్డు ఆగుతదా?" ఆగదు. వాడు చెప్పింది నిజమే, నా దగ్గర జవాబు లేదు. మా చేన్ల నుంచి బొగ్గు లారీలు పోయే రోడ్డు పడ్డప్పుడు కూడా ఎవరో ఒకరు గిదే మాట అన్నరు. వాళ్లు ముగ్గురు పోయిండ్రు. మేమిద్దరం చిడియా టాపు పోయినం. పోర్ట్ బ్లెయిర్‌కు దక్షిణం కొస, పిట్టల జాగ. అడవిల చిన్న బాట, చిలకలు, పావురాలు, కొమ్మల మీద పొద్దు వాలుడు. ఇద్దరమే పోయి ఎన్నేండ్లయిందో.

రాత్రి అల్లుడు నా పక్కన కూసున్నడు. గుహలు మంచిగున్నయన్నడు. కొంచెంసేపు ఆగి, "రోడ్డు పక్కపొంటి ఒక పిలగాడు నిలబడ్డడు మామా. బస్సుల అందరూ ఒక్క దిక్కే లేచిండ్రు. వాడు మమ్మల్నే చూస్తుండె" అన్నడు. అంతకంటే ఏం అనలేదు, నేనూ అడగలేదు. పోవాల్నా వద్దా అన్నది మీ ఇష్టం. పోతే మాత్రం లేచి నిలబడకుండ్రి.

సెంటినెల్ దీవి దిక్కు పోనీకి ఎవ్వరికీ అనుమతి లేదు. నికోబార్ దీవులకు కూడా ప్రత్యేక పాసు లేనిది పోరాదు, టూరిస్టులకు ఇయ్యరు. మంచిదే. అయితే ఆ కొసకున్న గ్రేట్ నికోబార్ సంగతి తెలుసుకొని ఉండుండ్రి. అక్కడ గలతియా తీరానికి లెదర్‌బ్యాక్ తాబేళ్లు గుడ్లు పెట్టనీకి వస్తయి. నాలుగైదు క్వింటాళ్లు తూగే తాబేళ్లు. అదే తీరంల పెద్ద ఓడరేవు, దాంతోపాటు విమానాశ్రయం, పట్నం, కరెంటు ప్లాంటు కట్టనీకి 2022 నవంబర్ల పర్యావరణ అనుమతి ఇచ్చిండ్రు. సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి పోతది. దానికి బదులు చెట్లు హర్యానాల పెడతరట. మా దిక్కు మట్టి గుట్టల మీద కూడా మొక్కలు పెడతరు. పచ్చగనైతే అయితది. కాని మా చిన్నప్పటి టేకు, ఇప్ప, తునికి కలిసిన అడవి అయితే గాదు. తాబేలు చూడాలనే కోరిక ఉన్నోళ్లు ఉత్తరాన డిగ్లిపూర్ దగ్గర కాలీపూర్ తీరానికి డిసెంబర్, ఫిబ్రవరి నడుమ పోవచ్చు. నాకు రోజులు చాలలేదు.

ఆఖరి రోజుకు జాలీబాయ్ పెట్టుకోండ్రి. వండూర్ నుంచి పడవ. 1983ల జాతీయ పార్కు చేసిన సముద్రం అది. జాలీబాయ్ నవంబర్ నుంచి మే దాకా, మిగిలిన కాలం రెడ్‌స్కిన్ అనే ఇంకో దీవి తెరుస్తరు. ఒకటి నడిస్తే ఒకటి బీడు, మన పొలం పద్ధతే. సోమవారం బంద్. ప్లాస్టిక్ కవర్ ఒక్కటి కూడా ఎక్కనియ్యరు, నీళ్ల సీసాకు కూడా పైసలు డిపాజిట్ పెట్టించుకొని, తిరిగి తెస్తేనే ఇస్తరు. ఈ పద్ధతి మన సమ్మక్క జాతరకు ఎందుకు పెట్టరో.

వండూర్ నుంచి మర్లి వచ్చేటప్పుడు దారిలనే సిప్పిఘాట్ వస్తది. ఏ ప్యాకేజీల లేదు. బండి ఆపమని మీరే చెప్పాలె. మాకు చూపించింది ఆటో ఆయన. శ్రీకాకుళం మనిషి, తాత నాడు వచ్చిండ్రట. అక్కడ తెలుగోళ్లు చానా మందే, నూటికి పదముగ్గురు దాకా ఉంటరు, తెలుగు మాధ్యమం బడులు కూడా ఉన్నయి. రోడ్డుకు రెండు దిక్కుల నీళ్లు, నీళ్లల్ల మోడు చెట్లు, అక్కడక్కడ పాత గట్లు మునిగి కనవడుతుండె. "ఇదంతా వరి పొలమేనండి" అన్నడు. "సునామీ రోజున ఒక్క పొద్దుట్లో ములిగిపోనాది. సముద్రం మళ్లీ ఎనక్కెల్లలేదు."

2004 డిసెంబర్ 26. అలలు వచ్చి పోయినయి అనుకుంటం గదా. భూమే కుంగింది. పోర్ట్ బ్లెయిర్ దిక్కు సుమారు ఒక మీటరు, దక్షిణం కొసన ఇందిరా పాయింట్ దగ్గర నాలుగు మీటర్ల పైన. ఉత్తరాన మాత్రం భూమి లేచింది, పగడాలు నీళ్లు లేక బయటపడి ఎండిపోయినయి. మా బొగ్గుబాయిల కాడ భూమి కుంగుడు అందరికీ ఎరుకే. కింద బొగ్గు తీస్తే పైన చెల్క పగులు ఇస్తది. కాని పొలం ఉన్న చోటనే ఉండి సముద్రమైతదని నేను ఎన్నడూ అనుకోలేదు.

అక్కడి రైతులు నాటే పాత వరి సీ14-8 అని ఒకటి. నిలువెత్తు పెరిగేది, ఆరు నెలల పంట, బర్మా దిక్కు నుంచి వచ్చిందంటరు. మన జగిత్యాల సన్నాల లెక్క నూట ఇరవై, ముప్పై రోజుల పంట కాదు. దాని సంగతి, ఉప్పెక్కిన భూమి సంగతి తెలుసుకోవాలంటే పోర్ట్ బ్లెయిర్ల కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ ఉన్నది, 1978 నుంచి పని చేస్తున్నది. రైతులైతే ఒక పూట పెట్టుకోండ్రి.

సిప్పిఘాట్ల మేం ఆగినప్పుడు సాయంత్రం నాలుగున్నర. మునిగిన గట్టు మీద కొంగలు, ఈల వేసే బాతులు, ఆ నడుమ గోధుమ రంగు చిన్న బాతులు, కంటి చుట్టు తెల్లటి వలయం. అండమాన్ బాతు అది. దాన్ని చూడనీకి పిట్టల పిచ్చోళ్లు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వస్తరట. మా బావమరిది ఫొటోలు తీస్తుండె. మా ఇంటామె ఆటో ఆయనను అడిగింది, "ఈ పొలం వాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నరు?" "కొందరు షాపులండి, కొందరు కూలికెల్తన్నారు" అన్నడు. ఆమె గట్టు ఎంత దూరం కనవడుతదో అంత దూరం చూసి, "ఎకరం ఎకరంనర మడి ఉంటది గదా ఇది" అని నాతోని అన్నది. కొలిచి చూస్తే అంతే ఉంటది.

సిప్పిఘాట్ పోర్ట్ బ్లెయిర్‌కు పదిహేను కిలోమీటర్ల లోపే. పొద్దున్నే పోతే ఇంకా ఎక్కువ పిట్టలు కనవడుతయట. దుర్భిణి ఉంటే పట్టుకపోండ్రి, నా దగ్గర లేకుండె.